బోర్డు ముందు సిలిండర్ ఎత్తినవాడు

మా వీధిలో ఒక పిల్లకు ఈమధ్య వికలాంగుల సంక్షేమం చూసే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. స్వీటు పెట్టె పట్టుకుని వచ్చి, “పెద్దమ్మా, నువ్వు ఆ ఆఫీసులోనే గదా రిటైరైనావు, నాకు ఏమన్నా ఒక మాట చెప్పు” అంది. రూల్సు పుస్తకం బాగా చదువుకో అన్నాను. ఆ పిల్ల గేటు దాటాక నాకే నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళు కుర్చీ అరగదీసి చివరికి చెప్పింది ఇదా అనిపించింది. చెప్పాల్సింది సిలిండర్ సంగతి. అది గుమ్మంలో నిలబెట్టి చెప్పే సంగతి కాదు కాబట్టి ఇలా రాస్తున్నాను. ఆ పిల్లకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. మా తమిళనాడు ధర్మపురి తెలుగిళ్ళలో చాలామంది పిల్లలకు రాదు. ఎవరైనా చదివి వినిపిస్తారులే.

ఎనభైల్లో నేను ఆ ఆఫీసులో గుమాస్తాను. మాది అంగడి కుటుంబం. తరతరాలుగా చింతపండు, బెల్లం అమ్ముకుని బతికిన ఇంట్లోంచి సర్కారు కుర్చీలో కూర్చున్న మొదటి మనిషిని నేనే. మా నాన్నకు అది గొప్పే, అనుమానమూ కూడా. “అంగట్లో అయితే దుడ్లు తీసుకుని సరుకు ఇస్తాము. మీ ఆఫీసులో ఏమి తీసుకుని ఇస్తారు?” అని అడిగేవాడు. ఏమీ తీసుకోము నాయనా, ఊరికే ఇస్తాము అంటే నమ్మేవాడు కాదు. ఊరికే ఇచ్చే అంగడి ఈ లోకంలో లేదని ఆయన నమ్మకం.

మేము ఇచ్చేవి మాత్రం తక్కువేమీ కాదు. పని చేసుకోలేని వికలాంగులకు నెలనెలా పింఛను, బస్సు పాసు, అవసరమైతే తోడు మనిషితో మద్రాసు ఆస్పత్రికి పోయిరావడానికి ఖర్చు, ఆ తర్వాత కృత్రిమ కాలో చెయ్యో. ఇవన్నీ వేరువేరు అల్మారాల్లో ఉన్నట్టు కనబడినా తాళంచెవి ఒక్కటే, డాక్టర్ల బోర్డు ఇచ్చే సర్టిఫికెట్టు. ఈ మనిషికి ఇంత శాతం చేతకాదు అని ముగ్గురు డాక్టర్లు సంతకాలు పెట్టాలి. శాతం తగ్గిందా, అన్ని అల్మారాలూ ఒకేసారి మూతబడతాయి.

మా ఆఫీసరు ముక్కుపొడుం మనిషి. తమిళాయన, మంచివాడు, రూలు తప్ప ఇంకో దేవుడు లేడు. పొడుం పీల్చి, తుమ్మి, కళ్ళు తుడుచుకుని అప్పుడు గాని ఫైలు తెరిచేవాడు కాదు. అర్జీదారులు ఆయన కళ్ళలో నీళ్ళు చూసి తమ కష్టానికే కరిగిపోయాడనుకుని దండాలు పెట్టేవాళ్ళు. మేమూ ఆ సంగతి బయటపెట్టేవాళ్ళం కాదు.

అలాంటి రోజుల్లో పాపారపట్టి వైపు నుంచి ముగ్గురు వచ్చారు. ముప్పై దాటిన ఒక మగమనిషి, అతని భార్య, ఆమె అన్న. బావులు తవ్వేవాళ్ళు. ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు. మాదీ తెలుగే, కాకపోతే మాది అంగడి తెలుగు, వాళ్ళది బావి తెలుగు. నేను ఎవరితోనో తెలుగులో మాట్లాడటం విని ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

“మీరు మనోళ్ళేనా అమ్మా? అయితే మీకే చెప్తాము” అంది.

ఆ ఏళ్ళలో వానలు లేవు. ఉన్న బావుల్నే ఇంకా లోతుకు తవ్వించేవాళ్ళు. మా జిల్లాలో నాలుగడుగులు పోతే రాయి తగులుతుంది. రాతికి రంధ్రం చేసి, మందు కూరి పేల్చాలి. పేలలేదనుకున్న ఒక మందు దగ్గరికి అతను వంగి చూసేసరికి అది పేలింది. కుడిచెయ్యి మణికట్టు పైదాకా పోయింది. ఎడమచేతికి బొటనవేలు మాత్రం మిగిలింది, అదీ వంగదు. గోరుచుట్టు మీద రోకటిపోటులాగా, పోయిన చేతి మొండి మానలేదు. లోపల ఎముక కొన పొడుచుకొస్తోంది. మద్రాసులో ఆ ఎముక చెక్కి కుట్టాలి, ఆలస్యమైతే మోచేతి దాకా తీసేయాలి అన్నారట. మద్రాసుకు పోవాలంటే మా సర్టిఫికెట్టు కావాలి. వాళ్ళు వచ్చింది అందుకు.

అందరికీ చెప్పినట్టే వాళ్ళకూ చెప్పాను. బోర్డులో డాక్టర్లు ఉంటారు, చేతుల్తో ఏమేం చేయగలవో అడుగుతారు, చూపించమంటారు, ఉన్నది ఉన్నట్టు చూపించాలి అని. భార్య అన్న మేస్త్రీ. నలుగురిని పెట్టి పని చేయించేవాడు. తల పంకించి, “అర్థమైందమ్మా, అది మాకు తెలిసిందే. మేము చూసుకుంటాము” అన్నాడు.

ఏం తెలిసిందో నాకు తర్వాత తెలిసింది. వాళ్ళ పనిలో ఒక వాడుక ఉంది. కొత్త బావి ఒప్పుకున్నప్పుడు గట్టుమీద ఒక రాయి పెడతారు. కూలికి వచ్చిన ప్రతివాడూ ఆ రాయిని భుజానికెత్తి కాస్త దూరం నడవాలి. ఎత్తినవాడికి పని. ఎత్తలేనివాడిని తిట్టరు, కసురుకోరు, చెంబుడు మజ్జిగ ఇచ్చి పంపేస్తారు. వాళ్ళ కాలనీలో ‘మజ్జిగ తాగి వచ్చినాడు’ అంటే మగవాడికి అంతకన్నా అవమానం లేదు. ఏమి చేయగలవో చూపించు అని ఒక పెద్దమనిషి అడిగితే దానికి ఆ ఇళ్ళలో ఒక్కటే అర్థం. మేస్త్రీ కాలనీకి పోయి, సర్కారు పరీక్ష పెడుతుంది, గట్టిగా చూపిస్తే నెలనెలా సంబళం, మద్రాసులో వైద్యం అని చెప్పాడు. ఎవరికీ వింతగా తోచలేదు. చేతకానివాడికి దుడ్లు ఇచ్చే దొరను వాళ్ళు తాతల నాటి నుంచి చూసి ఎరగరు.

అప్పటినుంచి బోర్డు రోజు దాకా సాయంత్రం పూట ఆ మనిషి కాలనీ వెనక రాళ్ళు ఎత్తి సాధన చేశాడట. భార్య పక్కనే ఉండి, మొండిచేతికి చుట్టిన గుడ్డ మారుస్తూ ఉండేదట.

బోర్డు రోజు అతన్ని చూసి నేను గుర్తుపట్టలేదు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, పొడుగు చేతులు, తలకు నూనె, నుదుట విభూతి. భుజాన కొత్త తువాలు. ఈ మనిషికి ఏ లోపమూ లేదనిపించేలా ఉన్నాడు. నాకు మనసులో కొంచెం తేడా కొట్టింది గాని, పండక్కి కట్టుకున్నట్టు కట్టుకొచ్చారు పాపం అనుకున్నాను.

ఊళ్ళోని ఆస్పత్రిలో ఒక గదిలో ముగ్గురు డాక్టర్లు బల్ల వెనక కూర్చున్నారు. నేను ఫైళ్ళు అందిస్తూ పక్కన నిలబడ్డాను. పెద్ద డాక్టరు భారీ మనిషి, మాట కరుకు. ఎముకల డాక్టరు కుర్రవాడు, కొత్తగా వచ్చాడు. భార్యా, మేస్త్రీ తలుపు దగ్గర నిలబడ్డారు.

ఎముకల డాక్టరు తమిళంలో అడిగాడు, “నువ్వు ఏం పని చేయగలవు?”

“అన్నీ చేస్తాను సామీ.”

“అన్నీ అంటే?”

అతను గది నాలుగు మూలలా చూశాడు. ఒక మూల ఆక్సిజన్ సిలిండర్ ఉంది. మనిషి నడుము ఎత్తున, నల్లటి ఇనుప దిమ్మ. దాన్ని కదిలించాలంటే ఆస్పత్రిలో ఇద్దరు వార్డుబాయ్‌లు దొర్లించుకుంటూ పోయేవాళ్ళు. అతను తువాలు ఒక కొస పళ్ళతో పట్టి, రెండో కొస సిలిండర్ మెడకు చుట్టి, మళ్ళీ పళ్ళతోనే ముడి బిగించాడు. ఏం చేస్తున్నాడో మాకెవరికీ అంతుపట్టలేదు. ఆ ఉచ్చులోకి మొండిచెయ్యి దూర్చి, ఎడమ మోచేతిని కింద ఆనించి, మోకాళ్ళు వంచి లేచాడు. సిలిండర్ అతని భుజం మీద ఉంది.

దాన్ని మోస్తూ బల్ల ముందు అటూ ఇటూ నడిచి, చప్పుడు కాకుండా మళ్ళీ మూలన దించాడు. మెడనరాలు ఉబ్బి ఉన్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. తలుపు దగ్గర మేస్త్రీ, “చూసినారు గదా సామీ” అన్నాడు, సొంత కొడుకు బహుమతి కొట్టినట్టు.

పెద్ద డాక్టరు పెద్దగా నవ్వాడు. “దీన్ని నేను ఎత్తలేను. వీడికి పింఛను ఇస్తే నాకూ ఇవ్వాలి” అని రాసేశాడు. మిగతా ఇద్దరూ నవ్వుతూ సంతకాలు పెట్టారు. నేను చూస్తున్నది మాత్రం అతని చొక్కా చేతిని. తెల్లటి చేతి కొస నెమ్మదిగా ఎర్రబడుతోంది. నేను చూడటం చూసి అతను ఆ చేతిని వీపు వెనక్కి దాచుకున్నాడు.

బయట సైకిలు స్టాండు దగ్గర నాకోసం కాచుకుని ఉన్నారు. భార్య కొంగు చింపి చేతికి చుడుతోంది. అతని కళ్ళు మెరుస్తున్నాయి.

“ఎప్పుటినుంచి రమ్మన్నారమ్మా పనికి?” అన్నాడు.

అక్కడున్న మెట్టు మీద కూలబడి, ఎలా చెప్పానో ఏమో, చెప్పాను. ఇక్కడ బలం చూడరని, లేమి చూస్తారని, నీకు చేతనవుతుందని రాసేశారని, అందుకే ఏమీ రాదని. వాళ్ళకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. మేస్త్రీ ముఖం నల్లబడింది. అతను మాత్రం ఇంకో దారిలో అర్థం చేసుకున్నాడు.

“ఎత్తింది చాల్లేదా అమ్మా? దానికన్నా పెద్దది ఉంటే చూపించమనండి, ఎత్తుతాను.”

భార్య అతని నోటిమీద చెయ్యి పెట్టింది. “పోదాం పా. మజ్జిగ ఇచ్చి పంపినారులే” అంది.

ఆఫీసుకు వచ్చి మా ఆఫీసరుకు జరిగింది చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పొడుం డబ్బా తెరిచి, పీల్చకుండానే మూసేశాడు. “ఇన్నేళ్ళ సర్వీసులో చేతనైనవాళ్ళు చేతకాదని నటించడం చూశాను గాని, ఇది చూడలేదు” అన్నాడు. మళ్ళీ బోర్డు పెట్టించవచ్చా అని అడిగాను. తీర్పు అయ్యాక వెంటనే మళ్ళీ పెట్టడం రూల్లో లేదు, మనిషి పరిస్థితి మారితేనే పెట్టాలి అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత నాలుక చివరిదాకా వచ్చింది, ఉద్యోగం గుర్తొచ్చి మింగేశాను.

పరిస్థితి మారడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. చీము పట్టి, ఒళ్ళు కాలిపోయే జ్వరంతో అతన్ని ఊళ్ళోని ఆస్పత్రికే తెచ్చి చేర్చారు. నేను ఆఫీసు అయ్యాక వెళ్ళి చూసి వచ్చేదాన్ని. అన్నం వేళ కాగానే ఆ భార్య కిటికీ ఊచకూ, సెలైన్ స్టాండుకూ ఒక పాత చీర కట్టి మంచానికి అడ్డం వేసేది. తెర వెనక ఏం చేస్తారో ఎవరికీ తెలియదు. మొగుడూ పెళ్ళాల సరసం అని పక్క మంచాలవాళ్ళు గుసగుసలాడుకున్నారు. నర్సు కసిరినా ఆమె తెర తీయలేదు.

ఆ వార్డు చూసేది ఎముకల కుర్ర డాక్టరే. నర్సు మాట విని ఒకరోజు ఆయన విసురుగా వచ్చి చీర పక్కకు లాగాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. ఆమె అన్నం కలిపి అతని నోట్లో పెడుతోంది. పసిబిడ్డకు తుడిచినట్టు అతని మూతి తుడుస్తోంది. అంతే, అంతకుమించి ఏమీ లేదు. అతను గోడవైపు తిరిగిపోయాడు. డాక్టరు చీర కొస చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“ఎన్నాళ్ళుగా?” అని అడిగాడు.

“దెబ్బ తగిలినప్పుటినుంచీ సామీ” అంది ఆమె, తల ఎత్తకుండా. “పంచె కట్టేది, కడిగేది, అన్నీ నేనే. ఎవరికీ చెప్పొద్దు సామీ. మా అన్నకు గూడా తెలీదు.”

మరుసటి రోజు ఆ డాక్టరు స్కూటరు మీద మా ఆఫీసుకే వచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు. “నేను తప్పు కాగితం మీద సంతకం పెట్టాను. అంత సిలిండర్ మోయగలిగినవాడు తన నోట్లో ముద్ద పెట్టుకోలేడు. నాకు అది అడగాలనే తట్టలేదు” అన్నాడు. మా ఆఫీసరు ఈసారి బాగా పొడుం పీల్చి, తుమ్మి, కళ్ళు తుడుచుకున్నాడు. “చెయ్యి పోవడం ఒక కథ, పుండు ముదరడం ఇంకో కథ. కొత్త కథకు కొత్త బోర్డు పెట్టొచ్చు, రూల్లో ఉంది” అన్నాడు. ఆ కళ్ళనీళ్ళు పొడుంవో కావో నేను ఇప్పటికీ చెప్పలేను.

రెండో బోర్డు కూడా అదే గదిలో. సిలిండర్ కూడా అక్కడే ఉంది. పెద్ద డాక్టరు ముందే చెప్పేశాడు, వీడు ఎత్తడం నా కళ్ళతో చూశాను, నా సంతకం నేనే ఎలా కొట్టేస్తాను అని. కుర్ర డాక్టరు వాదించలేదు. ఆస్పత్రి వంటింటి నుంచి ఒక పళ్ళెంలో అన్నం, సాంబారు తెప్పించి అతని ముందు పెట్టాడు.

“తిను” అన్నాడు.

అతను పళ్ళేన్ని చూశాడు. తలుపు దగ్గర భార్యను చూశాడు. ఆ పక్కనే మేస్త్రీ ఉన్నాడు. అతను ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినలేదని నాకు తెలుసు.

“ఆకలి లేదు సామీ” అన్నాడు.

“లేకపోయినా ఒక్క ముద్ద తిను” అన్నాడు పెద్ద డాక్టరు.

“ఆకలి లేదు సామీ.”

ఇంకోసారి ఆ మాట అంటే ఫైలు మూసేస్తారు. మద్రాసు లేదు, మోచెయ్యి ఉండదు. అది ఆ గదిలో అందరికీ తెలుసు, అతనికి కూడా తెలుసు. నాకు గట్టిగా అరవాలనిపించింది. అప్పుడు భార్య లోపలికి అడుగు పెట్టింది. మేస్త్రీ ఆమె చెయ్యి పట్టుకుని, “వద్దు, మానం పోతాది” అన్నాడు. ఆమె విదిలించుకుని వచ్చి మొగుడి ముందు నేలమీద కూర్చుంది. అన్నం కలిపింది. అతను ముఖం తిప్పుకున్నాడు.

“నోరు తెరువు” అంది నెమ్మదిగా. “ఈ ముద్ద నీకు కాదు. సర్కారుకు.”

అతను కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు. గడ్డం మీదుగా సాంబారు కారి చొక్కా మీద పడింది. ఆమె కొంగుతో తుడిచింది. ఇంకో ముద్ద కలపబోతుంటే పెద్ద డాక్టరు, “చాలమ్మా” అన్నాడు. మొదటిసారి నవ్వులతో నిండిన ఆ గదిలో ఇప్పుడు ముగ్గురు డాక్టర్లు మూడువైపులా చూస్తున్నారు. మేస్త్రీ అప్పటికే బయటికి వెళ్ళిపోయాడు. పెద్ద డాక్టరు శాతం వేసి, సంతకం పెట్టి, కాగితాన్ని నావైపు తోశాడు. నేను దాన్ని చేతిలోకి తీసుకున్నానే గాని సంతోషం రాలేదు.

అదే సైకిలు స్టాండు దగ్గర అతను నన్ను చూసి ఆగాడు.

“మా దగ్గర రాయి ఎత్తినోనికి కూలి, ఎత్తలేనోనికి మజ్జిగ. మీ దగ్గర ఎత్తినోనికి మజ్జిగ, ఎత్తలేనోనికి కూలి. బాగుందమ్మా మీ లోకం” అన్నాడు.

కోపంగా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయినవాడిలా అన్నాడు. మా నాన్న అన్నేళ్ళుగా అడిగిన ప్రశ్నకు జవాబు నాకు ఆరోజు దొరికింది. మేమూ ఊరికే ఇచ్చేవాళ్ళం కాదు. ఆ సంగతి మా నాన్నకు మాత్రం చెప్పలేదు.

మద్రాసులో ఎముక చెక్కి కుట్టారు. మోచెయ్యి నిలిచింది. కృత్రిమ చెయ్యి కూడా ఇచ్చారు గాని అది దొరల రంగులో ఉందని ఇంట్లో మేకుకు తగిలించాడట. పింఛను ఇంటికే వచ్చేది. అయితే ఏడాదికోసారి మా ఆఫీసుకు వచ్చి, పోయిన చెయ్యి మళ్ళీ మొలవలేదని చూపించుకుని పోవాలి. అది రూలు. మొదటి ఏడాది మా ఆఫీసరు తల ఎత్తకుండానే, “ఏం పని చేయగలవు?” అని అడిగాడు.

“ఏమీ చేతకాదు సామీ” అన్నాడు అతను.

పాఠం అప్పగించినట్టు తడుముకోకుండా అన్నాడు. సిలిండర్ ఎత్తినప్పుడు నాకు కలిగిన దిగ్భ్రమ దీని ముందు ఏపాటిది. ఆ మాట చెప్పడానికి ఆ మనిషి ఇంట్లో కూర్చుని ఎన్నిసార్లు సాధన చేసి ఉంటాడో.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఒక బోర్డు రోజున, ఆస్పత్రి వరండాలో పిలుపు కోసం కూర్చున్నవాళ్ళలో అతను కనబడ్డాడు. అతని పక్కన ఇంకో కుర్రవాడు, వాళ్ళ కాలనీవాడే, హోసూరు వైపు కట్టడం పనిలో గోడకు కట్టిన సారవ కర్రల మీంచి పడి నడుము పోయినవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అతను ఆ చొక్కా గుండీలు మిగిలిన ఒక్క వేలితో, పళ్ళతో ఊడదీసి, తన పాత చొక్కా తొడిగిస్తున్నాడు. నన్ను చూడలేదు.

“లేవమంటే లేవొద్దు. నడవమంటే గోడ పట్టుకో. నవ్వొద్దు” అని చెప్తున్నాడు.

“నాకు కొంచెం చేతనైతాది గదన్నా” అన్నాడు ఆ కుర్రవాడు.

“చేతనైతాదని ఇంటికి పోయి నీ పెండ్లానికి చెప్పుకో. ఈడ కాదు.”

ఆ కుర్రవాడి పేరు లోపలికి పిలవాల్సింది నేనే. కాగితం చేతిలో పట్టుకుని, చొక్కా మార్చడం అయ్యేదాకా తలుపు వెనకే నిలబడ్డాను.